మా బావిలోని ఫ్లోరిను

ఈ సంచికకు పూర్వవిద్యార్థుల పక్షమున ఒక వ్యాసము పంపవలసినదని సంపాదకులు జాబు వ్రాసినప్పుడు, పండ్లనుగూర్చి వ్రాయుదునని బదులు వ్రాసితిని. తోటలనుగూర్చి వ్రాయుదు ననుకొని వారు సంతోషించిరట. తోటపండ్లు కావు, నా నోటిలోని పండ్లు. వాని మూలముగా నేను రసాయనశాస్త్రమున ఒక చిన్న సంగతిని తప్పుగా నేర్చుకొంటిని, తప్పుగా ఇతరులకు చెప్పితిని. ఆ తప్పు మా యింట కొన్ని నెలల కాలమును వ్యర్థము చేసినది. దాని నిన్నాళ్లు నేనెక్కడను వ్రాయలేదు.

మాది దర్శి ప్రాంతమున ఒక మెట్టపల్లె. నేనీ పాఠశాలలో తొమ్మిదవ తరగతిలో చేరిన 1963వ సంవత్సరమున ఆ సీమ నెల్లూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు పెట్టిరి. జొన్న, సజ్జ, కంది మా పంటలు. ఊరికి నడుమ రాతికట్టు చేదబావి యొకటి కలదు. దాని నీరు తేటగా నుండును, రుచికి తియ్యన. ఆ నీటినిగూర్చి మా ఊరివారు గర్వపడెడివారు. పొరుగూరి బావులు ఉప్పన గదా!

ఆ ఊరిలో పుట్టిన వారందఱి పండ్లును ఒక్క తీరుననే యుండెను. కొందఱకు సున్నపుచుక్కలు, కొందఱకు పసుపుచారలు, నాబోటివారికి గోధుమరంగు మచ్చలు. అందఱకును ఉన్నది గనుక ఎవరికిని సిగ్గు లేదు. మా తాత ప్రక్కకు చూడవలసి వచ్చినప్పుడు మెడ త్రిప్పలేక, నిలువెల్ల త్రిప్పి చూచెడివాడు. పిల్లలము ఆ నడకను అనుకరించి ఆడుకొనెడివారము. అది ముసలితనపు లక్షణమనియే మా నమ్మకము. ఆయనకు అప్పటికి అరువదియేండ్లు నిండలేదని నేను చాలకాలము తరువాత లెక్కవేసి తెలిసికొంటిని.

బోర్డింగులో చేరిన మొదటి వారముననే నాకు "గారపండ్లవాడు" అను పేరు స్థిరపడినది. బొగ్గుతో తోమితిని, ఇటుకపొడితో తోమితిని, చిగుళ్లు నెత్తురు కారువఱకు వేపపుల్లతో రుద్దితిని. గారయైన పోవలసినది, ఇది పోలేదు. నవ్వు వచ్చినప్పుడు చేతిని నోటి కడ్డము పెట్టుకొనుట అప్పుడలవాటైనది. ఇప్పటికిని ఆ చేయి తనంతట తానే లేచుచుండును.

మా సైన్సు అయ్యవారు పొట్టివారు, మితభాషులు. ప్రయోగశాల యనబడు గదిలో ఒక బీరువా, ఒక పొడుగుబల్ల, కొన్ని సీసాలు మాత్రమే యుండెను. 1963 డిసెంబరులో, క్రిస్మసు సెలవులకు ముందటి చివరి పాఠమున, వారు మాకు సోడియమును చూపిరి. కిరసనాయిలులో మునిగియున్న తుండు నొకదానిని పట్టుకారుతో తీసి, అద్దుడుకాగితముపై నద్ది, చాకుతో కోసిరి. లోహమును జున్నుముక్కవలె కోయుట మేమెన్నడును చూచి యెఱుగము. కోసిన ముఖము వెండివలె మెఱసి, మేము చూచుచుండగనే మసకబారెను. గాలినైన నోర్వలేని లోహము గనుక దానిని నూనెలో దాచుదురని చెప్పి, పెసరగింజంత ముక్కను వెడల్పయిన గాజుతొట్టిలోని నీటిపై విడిచిరి. అది మునుగలేదు. బుస్సుమని కరగి ముత్యమువలె గుండ్రనై, నీటిమీద నిటునటు పరుగులిడి, చిక్కి చిక్కి మాయమయ్యెను. రెండవ ముక్కను తడిసిన అద్దుడుకాగితముమీద నుంచిరి. అక్కడ పరుగెత్తుటకు వీలులేక, పచ్చని మంటతో మండెను. తొట్టిలోని నీటిలో ఎఱ్ఱని లిట్మసుకాగితమును ముంచగా నీలమయ్యెను. నీటినుండి ఉదజని వాయువు వెడలిపోయినదనియు, మిగిలినది కాస్టిక్ సోడా ద్రావణమనియు చెప్పిరి.

ఈ సోడియము ఒంటరిది కాదు. దానికొక కుటుంబము కలదు. ఆ కుటుంబమున కెల్ల క్షారలోహములని పేరు. లిథియము తాపీగా పనిచేయును, సోడియము పరుగెత్తును, పొటాసియము నీరు తగిలినంతనే ఊదారంగు మంటతో మండును, రుబీడియము, సీసియము నీటి పాత్రనే పగులగొట్టగలవు. సీసియము 28 డిగ్రీలు దాటగనే కరగును గనుక మన యెండకాలమున సీసాలోనే ద్రవమై యుండును. పొటాసియమును, సోడియమును మొదట వేఱుచేసినవాడు హంఫ్రీ డేవీ. 1807లో లండనులో కరగిన క్షారములోనికి విద్యుత్తును పంపగా, లోహపు బొట్లు పైకి పొడుచుకొని వచ్చి మండినవనియు, అది చూచి ఆయన గదిలో గంతులు వేసెననియు అయ్యవారు చెప్పినప్పుడు, గంతులు వేయు మనుష్యుడు సైన్సుపుస్తకమున నుండునని మాకు మొదటిసారి తెలిసినది.

ఇచ్చట ఒక సంగతి. సోడియము నీటిలో పెద్ద తుండుగా పడినప్పుడు ప్రేలుటకు కారణము ఉదజని యంటుకొనుటయే యని అయ్యవారు చెప్పిరి. అప్పటి పుస్తకములన్నియు నట్లే చెప్పెడివి. 2015లో ప్రాగునగరమున పావెల్ యుంగ్విర్తు మొదలగు శాస్త్రజ్ఞులు సోడియము, పొటాసియముల మిశ్రలోహపు బొట్టు నీటిలో పడుటను అతివేగముగల కెమేరాతో చిత్రించి చూచిరి. ఉదజని మండుటకు పూర్వమే, సెకనులో వెయ్యవవంతుకంటె తక్కువ కాలమున, లోహము ముండ్లవలె నీటిలోనికి చిమ్ముచుండెను. లోహపు పైపొరలోని ఎలక్ట్రానులు ఒక్కుమ్మడిగా నీటిలోనికి దుముకగా, వెనుక మిగిలినదంతయు ధనవిద్యుత్తుతో నిండి, ఒకదాని నొకటి నెట్టివేసికొనుటయే దీనికి కారణమని వారు నిరూపించిరి. అనగా మేమా తొట్టిలో చూచినది మంటకంటె ముందు అయానుల పుట్టుక. అది వినుటకు మా అయ్యవారు జీవించి యుండిన ఎంత సంతోషించెడివారో!

మరల పాఠమునకు వత్తును. మంట చల్లారిన పిమ్మట అయ్యవారు జేబునుండి పొట్లము తీసి, వంటయింటి ఉప్పును చిటికెడు అదే కొలతగల వేఱొక తొట్టిలో వేసిరి. ఏమియు జరుగలేదు. "ఇందులోను సోడియమే యున్నది," అని మా ముఖములవంక చూచిరి. నేను లేచి, "అయ్యవారూ, ఉప్పులో సోడియమున్నయెడల నీటిలో వేసినప్పుడు మండవలదా?" అని యడిగితిని. వారు సంతోషముతో, "దీని జవాబు సెలవులు గడచిన పిదప," అనిరి. తరువాత బల్లమీద రెండవ కుటుంబమును వ్రాసిరి: ఫ్లోరిను, క్లోరిను, బ్రోమిను, అయోడిను. ఇవి హాలొజనులు, అనగా ఉప్పును పుట్టించునవి. క్షారలోహములు ఎంత ఉగ్రములో ఇవియు నంతయే ఉగ్రములు. ఉగ్రతలో నందఱకు పెద్దది ఫ్లోరిను. దానిని వేఱుచేయబోయి లూయే అను బెల్జియమువాడును, నిక్లే అను ఫ్రెంచివాడును ప్రాణములు కోల్పోయిరి. ఐర్లండులో నాక్సు అను సోదరులు రోగపీడితులైరి. తుదకు 1886లో పారిసునగరమున హెన్రి మొవాసాను దానిని పట్టగలిగెను. ఫ్లోరినునుండి పుట్టు ఆమ్లము గాజునైన తినివేయును.

గంట మ్రోగెను. పిల్లలందఱు పోవుచుండగా అయ్యవారు నన్నాపి, నోరు తెఱువుమని, కిటికీవద్ద వెలుతురున నా పండ్లను చూచిరి. ఏ ఊరని యడిగిరి. చెప్పితిని. "అనుకొంటిని. ఇది గార కాదురా. మీ బావినీటిలో ఫ్లోరిను ఉన్నది. 1937లోనే షార్టు అను వైద్యాధికారి మొదలగువారు మీ నెల్లూరు జిల్లా పల్లెలలో పరిశీలించి ప్రకటించిరి. సెలవులనుండి రా, వివరముగా చెప్పెదను," అనిరి. ఆ సాయంకాలమే మా బండి. ఫ్లోరైడు అనుటకు బదులు వాడుకమాటగా ఫ్లోరిను అనిరి. మా సీమలో నేటికిని జనులందఱు ఫ్లోరిను నీళ్లనియే యందురు. ఆ రెంటి నడుమ అయ్యవారికి భేదము తెలియును, నాకు తెలియదు.

నేనింటికి చేరిన రాత్రి అరుగుమీద నలుగురు కూర్చుండియుండగా గొప్ప ప్రసంగము చేసితిని. మన బావిలో గాజును తిను విషమున్నదనియు, దానిని ముట్టిన దొరలే చచ్చిరనియు, తాతకు మెడ తిరుగకపోవుట, మా పండ్ల మచ్చలు, అంతయు దాని పనియే యనియు చెప్పితిని. మా అమ్మ భయపడెను. మా నాయన మాటలాడలేదు. మా పెదనాయన మాత్రము చిఱునవ్వు నవ్వి, లోపలినుండి గాజుగ్లాసు తెప్పించి, బావినీటితో నింపి అరుగుచివర నుంచెను. "తెల్లవారువఱకు చూతమురా అబ్బాయీ. గ్లాసు మిగిలినయెడల నీవు ఓడినట్లు," అనెను.

తెల్లవారునప్పటికి ఊరిలో సగము మంది మా అరుగువద్దకు వచ్చిరి. గ్లాసు చెక్కుచెదరలేదు. ఒకడు నీటిని వాసన చూచెను, ఒకడు నాలుకకు తగిలించుకొనెను, ఇంకొకడు గ్లాసును ఎత్తి సూర్యునివైపు పట్టి చూచెను. పెదనాయన నీటిని గటగట త్రాగి మీసము తుడుచుకొనెను. అంతలో మా అవ్వ మఱియొక యాక్షేపము తెచ్చెను. ఊరికి కోడండ్రుగా వచ్చిన వారు ఇరువదియేండ్లు ఈ నీరే త్రాగినను వారి పండ్లు తెల్లనే. ఇక్కడ పుట్టిన కూతుండ్రకు మాత్రమే మచ్చలు. మా అమ్మ చీరాలవైపు పిల్ల, ఆమె పండ్లు ముత్యములు. నీటిలో దోషమున్నచో కోడండ్రకేల లేదు? ఇది వంశమునుండి వచ్చినదే గాని నీటినుండి వచ్చినది కాదని అవ్వ తీర్మానించెను. నాయొద్ద జవాబు లేదు. సెలవులు ముగియువఱకు వీధిలో పిల్లలు నన్ను చూచి గాజుగ్లాసు గాజుగ్లాసని కేకలువేసిరి.

బడికి తిరిగివచ్చి ఈ యవమానమును అయ్యవారితో చెప్పితిని. వారు నవ్వలేదు. చాలసేపు ఊరకుండి, "తప్పు నాది," అనిరి. నాకు తెలిసినంతవఱకు ఏ యుపాధ్యాయుడును విద్యార్థితో ఆ మాట పలుకుట ఆ కాలమున అరుదు.

మఱునాటి పాఠమున వారు టార్చిలైటు బ్యాటరీలు నాల్గింటిని వరుసగా కట్టి, పాత బ్యాటరీలనుండి తీసిన బొగ్గుకడ్డీలు రెండింటిని తీగలకు తగిలించి, మధ్య చిన్న బల్బు పెట్టిరి. కడ్డీలను వాననీటిలో ముంచిరి, బల్బు వెలుగలేదు. చక్కెర కలిపిరి, వెలుగలేదు. ఉప్పు గట్టిగా కలిపినంతనే బల్బు ఎఱ్ఱగా వెలిగెను. ఉప్పునీటిలో విద్యుత్తును మోసికొనిపోవునది ఏదో నడచుచున్నది. దానికే 1834లో మైకేల్ ఫారడే అయాను అని పేరు పెట్టెను. గ్రీకుభాషలో దానికి పోవునది యని యర్థము.

సోడియము అయాను ఎట్టిదో చెప్పుటకు వారు బోర్డింగులో జరిగిన క్రిస్మసు ప్రేమవిందును జ్ఞాపకము చేసిరి. విందుకు పంక్తులు తీర్చిరి. లోపలి పంక్తిలో ఇద్దఱు, రెండవ పంక్తిలో ఎనమండుగురు. పదునొకండవవాడు వచ్చినప్పుడు చోటులేక మూడవ పంక్తిలో ఒంటరిగా కూర్చుండెను. ఇది సోడియము పరమాణువు, కూర్చున్నవారు ఎలక్ట్రానులు. ఆ యొంటరివానికి కుదురుండదు. క్లోరినులో మొదటి రెండు పంక్తులును అట్లే నిండినవి, మూడవదానిలో ఏడుగురే. ఎనిమిదవ విస్తరి వేసియున్నది, కూర్చుండువాడు లేడు. ఈ యింటి యొంటరివాడు లేచి ఆ యింటి ఖాళీవిస్తరియందు కూర్చున్నచో రెండిండ్లవారికిని శాంతి. లేచిపోయిన యింటికి ఋణవిద్యుత్తు ఒకటి తగ్గి ధనాయానమైనది. వచ్చిచేరిన యింటికి ఒకటి హెచ్చి ఋణాయానమైనది. వ్యతిరేకములగుటచే ఒకదాని నొకటి ఆకర్షించి ప్రక్కప్రక్కన పేరుకొన్నచో అది ఉప్పుగల్లు.

సీసియమున ఆ యొంటరివాడు ఆఱవ పంక్తిలో, నడిమికి చాల దూరమున కూర్చుండును గనుక సులువుగా లేచిపోవును. కావుననే ఆ కుటుంబమున క్రిందికి పోయినకొలది ఉగ్రత హెచ్చు. హాలొజనులలో దీనికి తలక్రిందులు. ఫ్లోరిను మిక్కిలి చిన్నది; దాని ఖాళీవిస్తరి రెండవ పంక్తిలోనే, నడిమికి దగ్గఱగా నున్నది; కాబట్టి దాని లాగుడు అన్నిటికంటె బలము. ఈ ఉపమానము అన్నిచోట్ల చెల్లదని అయ్యవారే హెచ్చరించిరి. ఎలక్ట్రానులు పీటలమీద కూర్చుండు మనుష్యులు కావు. అయినను నాకు పండ్లున్నంతకాలము ఆ పంక్తులు జ్ఞాపకముండును.

"ఉప్పులోనిది మండుటకు ఇక ఏమియు మిగులలేదు. సోడియము చేయగల అల్లరి ఎలక్ట్రాను నిచ్చువఱకే. ఇచ్చివేసిన పిదప అది వేఱొక మనిషి," అని నావైపు తిరిగి, "నీవడిగిన ప్రశ్నను నీకంటె ముందు గొప్ప పండితులే యడిగిరి," అనిరి. 1884లో స్వీడనుదేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు ఆరీనియస్ అను యువకుడు సమర్పించిన గ్రంథమునకు పరీక్షకులు తక్కువ తరగతి నిచ్చిరి. ఉప్పు నీటిలో కరగినప్పుడు విడివిడి అయానులై తిరుగునని ఆయన సిద్ధాంతము. నీటిలో సోడియము తిరుగుచున్నచో మండదేమి, క్లోరిను తిరుగుచున్నచో వాసన రాదేమి యని అనేకులాక్షేపించిరి. అదే యువకునకు 1903లో నోబెల్ బహుమానము వచ్చెను. క్లోరిను వాయువును 1915 ఏప్రిలు 22న బెల్జియములో ఈప్ర్ పట్టణమువద్ద జర్మను సైన్యము శత్రువులపై విడిచి ఊపిరితిత్తులను కాల్చినది. క్లోరైడు అయాను మన కన్నీటిలో నున్నది.

మొవాసాను కథలో ఆనాడు చెప్పక విడిచిన భాగమును అప్పుడు చెప్పిరి. ఆయన ఫ్లోరినును పట్టిన పిదప పండితసభవారు పరీక్షింప వచ్చిరి. వారికొఱకై ఆయన ఆమ్లమును మిక్కిలి శుద్ధిచేసి పెట్టగా విద్యుత్తు పారనేలేదు. శుద్ధమైన ఆ యామ్లమున మోసికొనిపోవుటకు చాలినన్ని అయానులు లేవు. తరువాత పొటాసియము ఫ్లోరైడు లవణమును కలుపగా ప్రయోగము సఫలమయ్యెను. అతిశుద్ధిచే చెడిన ప్రయోగమని చెప్పి అయ్యవారు మిక్కిలి నవ్విరి. వారు నవ్వగా చూచుట మాకదియే మొదలు.

అటుపిమ్మట మా బావి. రాళ్లలో ఫ్లోరిను సాధారణముగా వాయువుగా నుండదు; ఎప్పుడో ఎలక్ట్రానును సంపాదించుకొని ఫ్లోరైడై, సున్నపుధాతువగు కాల్సియముతో కలిసి యుండును. ఆ రాళ్లగుండ ఊరిన నీటిలో కాల్సియము హెచ్చుగా నున్నచో ఫ్లోరైడు అంతగా కరగదు. కాల్సియము తక్కువై సోడియము హెచ్చయిన మెత్తని నీటిలో నది యెక్కువ కరగును. ఈ వివరము విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించెను. మా ఊరివారు గర్వించు తియ్యని నీరు అట్టిదియే. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి తెలియదు, గాజును ముట్టదు. నీటిలో దానికి అగ్నివంటి స్వభావమేదియు లేదు. కాని ఎముకలోను పంటిలోను ఉండు ఖనిజమున హైడ్రాక్సైడు అను అయాను కూర్చుండు చోటు కలదు. ఫ్లోరైడు పరిమాణమున దానికి దాదాపు సమానము గనుక ఆ చోట చొచ్చుకొనును. కొంచెముగా నున్నచో పంటిని గట్టిపఱచును. ఏండ్లతరబడి హెచ్చుగా చేరినచో పంటిపొర చెడును, ఎముక పెళుసగును, కీళ్లచుట్టు నరములవంటి కట్లు సున్నముపట్టి బిగిసిపోవును. అవ్వ వేసిన చిక్కునకు కూడ జవాబు దొరకినది. పంటిపై గట్టిపొర చిన్నతనముననే, పన్ను ఇంకను చిగురులోపల నుండగనే తయారగును. పెరిగి వచ్చిన కోడండ్ర పండ్లకు నీరేమియు చేయజాలదు. వారి యెముకలను మాత్రము విడువదు.

నేను 1964 వేసవిలో మరల ఇంటికి పోయితిని. ఈసారి అరుగుమీద ప్రసంగము చేయలేదు. నాయనను ఒంటరిగా పొలమున పట్టుకొని, విషవాయువు మాట తప్పని యొప్పుకొని, అయ్యవారు చెప్పిన రీతిగా మొదటినుండి చెప్పితిని. కోడండ్ర పండ్ల సంగతి చెప్పినప్పుడు ఆయన నాగలి ఆపెను. అది ఆయనకును ఎప్పటినుండియో తెలియని చిక్కేమో. కొంతసేపు ఊరకుండి, "అట్లయిన ఏ నీళ్లు త్రాగవలెనురా?" అనెను.

నా చదువునంతటిని ఆ యొక్క ప్రశ్న మూసివేసినది. అయ్యవారు చెరువునీటిలోను వాననీటిలోను ఫ్లోరైడు సాధారణముగా తక్కువని, దానిని కాచి త్రాగవలెనని చెప్పియుండిరి. మాకు చెరువు లేదు. మైలున్నర దూరమున ఒక కుంట కలదు. వానలు పడినప్పుడు నిండి, మాఘమాసమునకు బురదయగును. ఇంటిల్లిపాదికిని అక్కడనుండి నీరు మోయుట కాని పని. పెద్దవారమగు మా పండ్లు ఎట్లును చెడినవి. మా తమ్మునికి అప్పుడు నాలుగేండ్లు. వానికొక్కనికైన కుంటనీరు తెచ్చి కాచి త్రాపుదమని మా అక్క ముందుకు వచ్చెను. ఆమెకు మేనరికము, కాపురము కూడ ఆ ఊరిలోనే. తన బిడ్డ నెత్తుకొని, మఱియొక చంక బిందె పెట్టుకొని, కుంటలో నీరున్న నెలలన్నియు ఆమె నీరు మోసెను. ఇట్లు మూడేండ్లు. నేను సెలవులకు వచ్చినప్పుడు మాత్రము బిందె పట్టితిని.

క్రిస్మసు సెలవులలో నేను సరిగా చెప్పియుండినచో ఆ యేడాదే, కుంటలో నీరుండగనే, ఆ పని మొదలయ్యెడిదేమో. బిగ్గఱగా తప్పు చెప్పుటచే వేసవివఱకు ఎవరును నా మాట వినలేదు. వేసవిలో కుంట యెండియుండెను. మరల వాన పడువఱకు ఆగవలసి వచ్చెను. ఆ నెలలలో తమ్ముడు త్రాగిన నీరంతయు బావినీరే. అది వాని పండ్ల కెంతచేసినదో కొలువ సాధ్యము కాదు. తరువాత వాని పండ్లు వచ్చినప్పుడు ముందటివి నా వానివలెనే మచ్చలతో వచ్చెను. దవడలలో ఆలస్యముగా వచ్చిన కొన్ని మాత్రము తెల్లగా నుండెను. ముందుపండ్ల పొర నాల్గైదేండ్లలోనే చాలవఱకు ముగియును. ప్రక్కపండ్లకు ఏడెనిమిదేండ్లు పట్టును. అక్క మోసిన నీరు వాని నోటిలో ఎక్కడనుండి మొదలయ్యెనో చూపవచ్చును. వాడు నవ్వినప్పుడు కనబడునవి నా నెలలు, ఆవులించినప్పుడు కనబడునవి అక్క బిందెలు.

నేను రసాయనశాస్త్రముననే పట్టము పుచ్చుకొని కళాశాలలో బోధకుడనైతిని. మొదటి యేడాదిననే మా బావినీటిని సీసాలో తెచ్చి పరీక్షించితిని. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి హద్దు. మా బావి ఆ హద్దును ఎప్పుడో దాటినది. 1970 తరువాత నాగపూరులోని జాతీయ పరిశోధనాలయమువారు నీటినుండి ఫ్లోరైడును తొలగించుటకు ఒక పద్ధతిని కనిపెట్టి, ఆ బాధ మిక్కుటముగా నున్న జిల్లా పేరనే నల్గొండ పద్ధతి యనిరి. అందులో వాడునవి పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు. పటికలోని అల్యూమినియము అయానులు నీటిలో జిగురుమబ్బువలె విడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. బ్లీచింగు పౌడరు సూక్ష్మజీవులను చంపును. అది క్లోరిను సంతతియే, ఫ్లోరినుకు తోబుట్టువు. ఇంటిలో బకెట్టులో చేసికొనదగిన పని. నేను నేర్పితిని, మా వీధిలో కొందఱు కొన్ని నెలలు చేసి మానివేసిరి. ప్రతిదినము పటిక తూచుట ఎవరికి సాధ్యము? వారిని నేను తప్పుపట్టజాలను. నేను పట్టణమున కొళాయినీరు త్రాగుచుంటిని.

నాగార్జునసాగరపు కాలువలకు 1967లో నీరు వదలిరి. కుడికాలువ నీరు మా ప్రాంతపు పొలములకు ముందు, త్రాగు చెరువులకు తరువాత, మా పల్లె కొళాయిలకు మఱియు నాలస్యముగా చేరెను. అప్పటికి తాత పోయెను, పెదనాయన పోయెను. పెదనాయన కడపటి దినములలో నడుము వంగక, పడుకొన్నవానిని నిలువుకఱ్ఱవలె ఎత్తి కూర్చుండబెట్టవలసి వచ్చెడిది. ఆ గ్లాసును గూర్చి ఆయనగాని నేనుగాని మరల మాటలాడలేదు. చేదబావిమీద ఇప్పుడు ఇనుపవల కప్పియున్నది.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయితిని. అక్కకు ఇప్పుడు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమెయు మెడ త్రిప్పదు. నిలువెల్ల త్రిప్పి చూచును. నన్ను చూచి, "కొళాయినీళ్లలో ఏమియు లేదుగదరా?" అని యడిగెను. ఏండ్లనుండి ప్రతి పండుగకును అడుగు ప్రశ్నయే. "ఉన్నదక్కా, కొంచెము. ఉండవలసినంతయే," అంటిని. సరేనని తలయూపబోయి, తల యాడక, కన్నులు మూసి తెఱచెను. త్రాగుటకు నీరడిగెను. బిందె క్రిందనుండెను, ఆమె వంగలేదు గనుక చెంబు నేను ముంచి యిచ్చితిని.